తల కొలత

బోకా రేవు పక్క వీధిలో,
రంగురంగుల రేకు గోడల ముందు,
పదకొండేళ్లుగా నా పని టోపీలు పెట్టడం.
ఆ మాటకున్న రెండో అర్థం కూడా నిజమే.

ఓడ దిగినవాళ్లు వస్తారు
ఒక్క పూటలో టాంగో నేర్చేసుకుందామని.
నల్ల ఫెడోరా ఒకటి నెత్తిన పెట్టి
కనుబొమ మీదికి కాస్త వాల్చి
అద్దం చూపిస్తాను.
"అచ్చం ఇక్కడి మనిషిలా ఉన్నారు" అంటాను.
ఇక్కడి మనిషిని నేనే.
నా నెత్తిన ఏమీ లేదు.

పైన పటారం, లోన లొటారం.
అట్టకి అంటించిన నూగు,
జిగురు పుణ్యాన నిలబడ్డ అంచు,
లోపల బంగారు రంగులో ఊరి పేరు,
అందులోనూ ఒక అక్షరం తప్పు.
చిన్న, మధ్య, పెద్ద.
లోకంలోని తలలన్నీ
ఆ మూడింట్లోనే ఎక్కడో సర్దుకోవాలి.

మొన్న మార్చి వానలో
బట్టతల పెద్దాయన ఒకాయన పరుగెత్తుకొచ్చాడు.
నుదుటి మీంచి నల్లటి ధార
ముక్కు దగ్గర రెండు పాయలై దిగుతోంది.
టోపీ చేతిలో తడిసిన అప్పడంలా వేలాడుతోంది.
డబ్బు వెనక్కి ఇమ్మంటాడనుకున్నాను.
తువ్వాలు అడిగాడు.
తుడుచుకుంటూ నవ్వి ఇంకోటి కొన్నాడు,
"ఫోటోకి చాల్లే" అంటూ.

ఆ "చాల్లే" నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

సోమవారం దుకాణం సెలవు.
బోయెదోలో ఎవారిస్తో సగార్దియా కొట్టు,
నాలుగు మెట్లు దిగి వెళ్లాలి.
తలుపు తీస్తే ఆవిరి, తడిసిన బొచ్చు వాసన.
బూడిదరంగు టోపీ ఒకటి,
దానికి దారంతో కట్టిన చీటీ మీద
నా రెండు నెలల అద్దె.

"ఎవరికి?"
"నాకే."
"నీ తల నీకు తెలుసా?"
"యాభై ఏడు" అన్నాను.
"అది చుట్టుకొలత. తల కాదు."

ఇనప పళ్ల కిరీటం లాంటిదొకటి తెచ్చి
నా నెత్తిన దించి
పైన మూత నొక్కాడు. టక్కుమంది.
బయటికొచ్చింది అరచేతిలో పట్టే కాగితం,
అంచు పొడుగునా సూదిబెజ్జాలు.

గుండ్రంగా లేదు, కోడిగుడ్డులానూ లేదు.
ఎడమ చెవి పైన చిన్న పొంగు.
ఏడేళ్లప్పుడు మేనత్త ఎర్మెలిందా ఇంట్లో
మెట్ల మీంచి జారిపడ్డాను.
నేను మర్చిపోయాను.
ఎముక మర్చిపోలేదు.

"కుందేలు బొచ్చు" అంటున్నాడాయన,
ఆవిరి మీద అంచు తిప్పుతూ.
"వేడినీళ్లలో నలిగి నలిగి
సగానికి సగం కుంచించుకుపోతే గానీ గట్టిపడదు.
వానకేం భయం, పుట్టిందే నీళ్లలో."

బేరమాడాను, అమ్మే చెయ్యి ఊరుకుంటుందా.
ఒక్క పెసో తగ్గలేదు.
తొమ్మిది వాయిదాలకి మాత్రం ఒప్పుకున్నాడు.

పోయేముందు ఆ కాగితం ఇమ్మన్నాను.
అడ్డంగా తలాడించి సొరుగు లాగాడు.
వందల తలలు, పెన్సిలుతో పేర్లు,
సగం మందికి టోపీ అవసరం ఎప్పుడో తీరిపోయింది.
పళ్ల డాక్టరు, బండొనియాన్ వాయించే ఒకతను,
ఒక్క పోలికా లేని తలలతో ఇద్దరు కవలలు.
ఆ కవలల పక్కన నన్ను దోపి
మోకాలితో సొరుగు మూశాడు.

ఇప్పుడు కొట్లో టోపీ పెట్టుకునే కూర్చుంటున్నాను.
వచ్చినవాళ్లందరికీ ఇదే కావాలి.
ధర చెబితే నవ్వి
కారుచౌకది కొనుక్కుపోతారు.
నేనూ నవ్వుతాను.
నలభై నకిలీలు పోతే నాకొక వాయిదా,
ఇంకా ఆరున్నాయి.
కాకపోతే ముందే చెబుతున్నాను:
లోపల అక్షరం తప్పుంది చూసుకోండి,
చినుకు పడితే తీసి చంకలో పెట్టుకోండి.

నిన్న సాయంత్రం పడింది.
వీధంతా చంకల్లో టోపీలు ఇరికించుకుని
బోడినెత్తులతో పరుగు.
నేను గొళ్లెం వేసి, తాళం రెండుసార్లు లాగి చూసి,
మెల్లగా నడిచాను.
అంచు మీద నీళ్లు కాసేపు ఆగి,
దారి వెతుక్కుని,
ఎడమ చెవి వైపు నుంచి
ఒక్కొక్క చుక్కే దిగాయి.